బలం బిళ్ళలు

"గౌస్ బాషా షాపుకి తాళం పడకపోతే నా పేరు నాగజ్యోతే కాదు!"

అంటూనే చెప్పుల్లో కాళ్ళు దూర్చింది నాగజ్యోతి. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి తండ్రి చెప్పు. అది చూసుకునే స్థితిలో లేదు.

"ఆగవే తల్లీ," అంది వెంకటరావమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని. "ఏడున్నర కూడా కాలేదు. ఇంత పొద్దున్నే మందుల షాపు ఎవరు తెరుస్తారు?"

"తెరవకపోతే ఇంటికే వెళ్తా. నిద్రలేపి అడుగుతా."

"అరవకు. అరుగు మీద జనం ఉన్నారు."

"ఉండనీ అమ్మా! వినాలి ఊరంతా. నీరసానికని చెప్పి హార్మోను బిళ్ళలు అంటగట్టాడని అందరికీ తెలియాలి. నిన్న డాక్టరమ్మ ముందు నువ్వే కదా చెప్పావు, మా ఊరి మందుల షాపులో కొన్నానని! ఊళ్ళో ఉన్నది ఒక్కటే షాపు. ఇంకెవరిని అడగను?"

వెంకటరావమ్మ చెప్పిన మాట వెనక్కి తీసుకునే దారి రాత్రంతా వెతికింది గానీ దొరకలేదు. మెడ కింద మొదలైన సెగ చెవులదాకా ఎక్కి, నుదుటి మీద చెమటై దిగింది. ఆరు వారాలుగా ఇదే వరస. కూర్చుంటే సెగ, నిలబడితే సెగ. కొత్తగా ఇచ్చిన మందు వల్ల కావచ్చంది డాక్టరమ్మ. రోగం వల్లేనని ఈవిడ నమ్మకం.

ముందుగదిలో బల్ల దగ్గర సంజీవరావు బీపీ పట్టీని చుట్టి, విప్పి, మళ్ళీ చుడుతున్నాడు. గుంటూరు నుంచి వచ్చి పదిహేను గంటలైంది. ఈ పదిహేను గంటల్లో ఆయన నోటి నుంచి ఊడిపడిన మాటలు రెండే, "మజ్జిగ వద్దు."

"మీరైనా చెప్పరేం నాన్నా?" నాగజ్యోతి అటు తిరిగింది. "ముప్ఫయ్యేళ్ళుగా డాక్టరీ చేస్తున్నారు. మీ ఇంట్లో మనిషి ఎవరి దగ్గరో ఏవో బిళ్ళలు కొనుక్కుని మింగుతుంటే ఒక్కసారైనా చూడాలని తోచలేదా?"

"చూడాల్సింది," అన్నాడు సంజీవరావు, పట్టీ మీద నుంచి కళ్ళెత్తకుండా.

బోర్డు మీద ఆయన ఆరెంపీ. ఊరి నోట్లో డాక్టరుగారు. అర్ధరాత్రి తేలు కుట్టినా, పట్టపగలు ఎండదెబ్బ తగిలినా ముందు ఈ అరుగెక్కాల్సిందే. అంతటి మనిషి కూతురు ముందు ఒక్క మాటకు తడుముకుంటుంటే వెంకటరావమ్మ చూడలేకపోయింది. నిన్న కూడా అంతే. చూడలేకే ఆ అబద్ధం ఆడింది.

నిన్న గుంటూరు కొత్తపేట ఆసుపత్రిలో డాక్టర్ జ్యోతిర్మయి ఎడమ రొమ్ములోని గడ్డని వేళ్ళతో కొలిచి చూసింది.

"ఆరు వారాలు మందు వాడినా గడ్డ ఇసుమంత తగ్గలేదండీ. ఉన్నది ఉన్నట్టే ఉంది. కింద కండకి అంటుకుని ఉంది, అది కుంచించుకుంటే తప్ప నేను కత్తి పెట్టలేను. ఇంట్లో వాడే మందులన్నీ తెమ్మన్నాను, తెచ్చారా?"

వెంకటరావమ్మ సంచి బోర్లించింది. బీపీ బిళ్ళలు, గ్యాసు బిళ్ళలు, కాళ్ళకి రాసుకునే ఆయింట్‌మెంటు, వాటి మధ్య ఒక చిన్న తెల్లబిళ్ళల అట్ట. డాక్టరమ్మ వేలు సూటిగా దాని మీదకే వెళ్ళింది.

"ఇదెందుకు వాడుతున్నారు?"

"నీరసానికండి. పన్నెండేళ్ళయింది. గర్భసంచి తీయించుకున్నప్పట్నుంచీ."

"ఇది హార్మోనండీ! మందు మొదలుపెట్టిన రోజే అడిగాను కదా, హార్మోన్లు వాడుతున్నారా అని? లేదన్నారు."

లేదనే అంది. అబద్ధమాడాలని కాదు. ఆ రోజు ఆవిడకి నిజంగా తెలియలేదు. కానీ అప్పుడు పక్క కుర్చీలో కూర్చుని ఉన్న మనిషికి తెలుసు. ఆ మనిషి గోడమీది క్యాలెండరు వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ సంగతి ఆవిడకి గుర్తొచ్చింది నిన్ననే.

"దీనివల్లే గడ్డ వచ్చిందని నేననను, అలా చెప్పలేం," అంది డాక్టరమ్మ. "వాడకూడని మందని కూడా కాదు. ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు అని పరీక్ష చేసి ఇవ్వాల్సింది. కానీ మీ గడ్డ ఈ హార్మోను తిని బతికే రకం. నేనిచ్చింది ఆ తిండి ఆపే బిళ్ళ. నేను ఆపుతుంటే మీరు పెడుతున్నారు. ఎప్పుడు వేసుకున్నారు ఆఖరిసారి?"

"మొన్న రాత్రి."

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. రాసుకున్నాక ఆవిడ మొహం తేటపడింది.

"అయితే ఒకందుకు మంచిదే. మందు పనిచేయక కాదన్నమాట, పనిచేయనివ్వలేదు మీరు. ఇవాళ్టితో ఇది బంద్. నేనిచ్చింది ఒక్కటే వేసుకుని నాలుగు వారాల తర్వాత రండి. కరుగుతుందనే అనుకుంటున్నాను. ఒకవేళ ఇది ఈ మందుకి లొంగని గడ్డ అయ్యుంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగేదాన్ని కాదు, వెంటనే వేరే దారి పట్టేదాన్ని. అవునూ, మీకివి ఎవరిచ్చారు?"

అప్పుడు వచ్చింది ఆ మాట. మా ఊరి మందుల షాపులోనండి అని. పక్కనున్న మనిషి మళ్ళీ క్యాలెండరు చూశాడు.

బయట ఆటో హారను గట్టిగా మోగింది. మిరపకోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. వినుకొండ రోడ్డు పక్క పొలాలకి ఆడకూలీలని తీసుకెళ్ళే ఆటో అది. ఏడున్నరకి బయలుదేరకపోతే ఆసామి ఊరుకోడు.

"అక్కా! ఓ రావమ్మక్కా!" కిటికీలోంచి తల పెట్టింది సర్దార్‌బీ. తలకి తువ్వాలు, నడుముకి పాత చొక్కా కట్టుకుని కోతకి సిద్ధమై ఉంది. "ఇవాళ శుక్రవారం కదా, మర్చిపోయావా? మా బలం బిళ్ళల పొట్లాలు ఇచ్చేయక్కా, పోతాం. తొమ్మిదిమందిమి ఉన్నాం."

నాగజ్యోతి గుమ్మం దాటబోతున్నదల్లా ఆగింది.

"ఏం బిళ్ళలు?"

"బలం బిళ్ళలమ్మా. నీకు తెలవదులే, పెళ్ళయి పోయావు. సంచి తీయించుకున్నోళ్ళం అందరం ఇవే వాడతాం. మీ అమ్మ పుణ్యాన సెగలు లేకుండా ఎండలో కాయ కోసుకుంటున్నాం." సర్దార్‌బీ నవ్వింది. "ఇదేంటమ్మాయ్, కాలికి మీ నాయన చెప్పేసుకున్నావు?"

నాగజ్యోతి కాళ్ళవంక చూసుకోలేదు. తల్లి వంక చూసింది. తల్లి నేల చూసింది. తండ్రి బీపీ పట్టీ చుట్టడం మానేశాడు.

హాస్టళ్ళలో పెరిగి, అట్నుంచి అటే మంగళగిరి కోడలైన పిల్ల. ఇంట్లో అమ్మ పొట్లాలు కడుతుందని తెలుసు. ఏ పొట్లంలో ఏముందో ఎన్నడూ అడగలేదు.

"గౌస్ బాషా కాదు," అంది మెల్లిగా.

వెంకటరావమ్మ కొంగుతో నుదురు తుడుచుకుంది.

"గౌస్ బాషా కాదన్నమాట. నేను వెళ్ళి ఆ మనిషిని నలుగురిలో చొక్కా పట్టుకుని ఉంటే, అప్పుడైనా నోరు విప్పేవాళ్ళా మీరిద్దరూ?" చెప్పులు విసిరికొట్టింది. ఒకటి బల్లకింద పడింది. "ఎక్కడున్నాయి ఆ బిళ్ళలు? తియ్యి. నీవీ, వీళ్ళవీ, అన్నీ తియ్యి. కాలవలో పోస్తాను."

"బయట మనుషులు..."

"తియ్యమ్మా!"

వెంకటరావమ్మ వంటింట్లోకి నడిచింది. కాళ్ళు వాటంతట అవే అలమర దగ్గరికి తీసుకెళ్ళాయి. ఇరవయ్యేళ్ళుగా ఈ అలమర ఆవిడ ఆఫీసు. పాత క్యాలెండరు కాగితాలు నలుచదరంగా కత్తిరించేది ఆవిడే. చదువురాని వాళ్ళకోసం పొద్దుటి మందుకి ఒక గీత, రాత్రి మందుకి రెండు గీతలు పెట్టేదీ ఆవిడే. ఏ బిళ్ళ ఏదో చూడకుండా వేళ్ళతో చెప్పేది.

ఆ పేరు పెట్టింది కూడా ఆవిడే. మొదట్లో సంజీవరావు "హార్మోను" అనేవాడు. అది పలకడం రాక సర్దార్‌బీ నవ్వేది. "ఎందుకొచ్చిన ఇంగ్లీషు, బలం బిళ్ళ అనవే," అంది వెంకటరావమ్మ ఒకనాడు. అంతే, ఊరంతా పాకింది. పాకి పాకి చివరికి పెట్టిన మనిషే అసలు పేరు మర్చిపోయింది. డాక్టరమ్మ హార్మోను అని అడిగితే లేదండీ అని ధైర్యంగా చెప్పింది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది ఆవిడకి.

అలమరలోంచి పెద్ద సీసా తీసింది. అట్టల్లోంచి ఒలిచి పోసుకున్న బిళ్ళలు సగం దాకా ఉన్నాయి. పక్కనే ఆవిడ సొంత చిన్న సీసా. అది సంజీవరావే నింపేవాడు. పడుకోబోయే ముందు పాలగ్లాసుతో పాటు బిళ్ళ చేతిలో పెట్టేదీ ఆయనే. పెళ్ళాం మీద ఆ మాత్రం ప్రేమ ఉందని ఆవిడ పదిమందిలో చెప్పుకునేది కూడా. నిన్న సంచిలో వేసుకెళ్ళిన అట్ట మాత్రం ఆవిడే స్టాకు పెట్టెలోంచి తీసుకుంది.

కాగితం పరిచి పెద్ద సీసా వంచింది. బిళ్ళలు జలజలా దొర్లి అంచుదాకా వెళ్ళాయి. చేతితో ఆపింది. రెండో కాగితం మీద చిన్న సీసా వంచింది.

అవి దొర్లలేదు. పడ్డచోటే కూర్చున్నాయి.

వెంకటరావమ్మ ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పింది. అదే తెలుపు, దాదాపు అదే సైజు. కానీ పైన పంచదార పూత నునుపు లేదు. మధ్యలో సన్నటి గీత. గోటితో నొక్కితే సుద్దలా పొడి రాలింది. సున్నపు బిళ్ళ. బాలింతలకి ఇచ్చే కాల్షియం.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ మధ్య బిళ్ళ నాలిక మీద తియ్యగా ఉండటంలేదని. రోగంతో నోరు చెడింది కాబోలనుకుంది. సెగలు కూడా సరిగ్గా అప్పట్నుంచే.

"ఏవండీ," అంది. "ఒకసారి ఇలా రండి."

గొంతు మామూలుగానే ఉంది. సంజీవరావు వచ్చాడు. వెనకే నాగజ్యోతి. రెండు కాగితాలూ చూడగానే ఆయనకి అర్థమైపోయింది. పారిపోవడానికి ఆ వంటింట్లో ఉన్నది ఒకటే గుమ్మం, అందులో కూతురు నిలబడి ఉంది.

"ఎప్పుడు మార్చారు?"

"ఏంటి మార్చేది?"

"ఇరవయ్యేళ్ళు మీకు పొట్లాలు కట్టాను. నా దగ్గరా?"

ఆయన పీట మీద కూలబడ్డాడు. "డాక్టరమ్మ అడిగిన రోజే. ఆ రాత్రి నుంచే. నీ సీసాలో ఉన్నవి పారబోసి ఇవి పోశాను. నీకు హార్మోను పడకూడదని నాకు తెలియదా? తెలిసి ఎలా పెడతానే నీకు?"

ఒక్క క్షణం వెంకటరావమ్మకి కళ్ళు చెమర్చాయి. తనకి విషం పెట్టలేదు ఈ మనిషి. నోరు విప్పే ధైర్యం లేకపోయినా చేత్తో కాపాడాడు. పాలగ్లాసు పట్టుకుని వచ్చే ఆ మనిషే ఈ మనిషి. సిగ్గులేకుండా ప్రేమ పొంగుకొచ్చింది ఆవిడకి.

"ఆవిడ ముందు చెప్పొచ్చుగా నాన్నా," అంది నాగజ్యోతి.

"ఏమని చెప్పను? ఎవరిచ్చారంటే నేనే అని చెప్పనా? ఆరెంపీగాడు పెళ్ళానికి పన్నెండేళ్ళు హార్మోనిచ్చాడని పెద్దాసుపత్రిలో నలుగురూ చెప్పుకోవాలా? రేపు పోలీసులొస్తే? ఎలాగూ ఆపేశాను కదా, చెప్పకపోతే మాత్రం కొంపలేం మునుగుతాయనుకున్నా."

"ఆపేశారు," అంది వెంకటరావమ్మ. ఆ మాట తనే మళ్ళీ విన్నట్టు ఆగింది. "ఆరు వారాల కిందటే ఆపేశారు."

పొంగినదంతా అక్కడే గడ్డకట్టింది.

"అయితే ఈ ఆరు వారాలూ నేను వేసుకున్నది డాక్టరమ్మ ఇచ్చిన బిళ్ళ ఒక్కటే."

సంజీవరావు తలెత్తలేదు.

"ఒక్కటే వేసుకున్నా గడ్డ తగ్గలేదు. పనిచేయనివ్వలేదన్నదావిడ. కాదు. పనిచేయలేదు." మాటలు ఒక్కొక్కటిగా పొట్లం కట్టినట్టు కట్టుకుంటూ వస్తోంది. "లొంగని గడ్డయితే ఒక్క రోజు ఆగనందండీ. మీరు విన్నారు. మీ చెవులతో విన్నారు. నాలుగు వారాలు ఆగి రమ్మంటే తల ఊపి వచ్చారు."

"ఇంకో నాలుగు వారాలు వాడితే తగ్గుతుందేమో. కొందరికి నిదానంగా..."

"అది మీరు చెప్తారా, ఆవిడ చెప్పాలా?"

"నేను చెప్దామనే అనుకున్నా. దార్లో బస్సులో అనుకున్నా. ఇంటికొచ్చాక అనుకున్నా. నోరు రాలేదే!" సంజీవరావు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి వచ్చిన ఏడుపు పెద్దమగాడి ఏడుపులా లేదు.

నాగజ్యోతి ఒకడుగు తండ్రి వైపు వేసి ఆగిపోయింది. ఓదార్చాలో తిట్టాలో ఆ పిల్లకి తెలియలేదు.

ఆటో మళ్ళీ కూసింది. "అక్కోయ్, అయిందా? వీడు వదిలేసి పోతానంటున్నాడు!" కిటికీ దగ్గర్నుంచి సర్దార్‌బీ.

వెంకటరావమ్మ చూపు దొర్లే బిళ్ళల మీద పడింది.

"నాకు మార్చారు. మరి వీళ్ళకి?"

"వాళ్ళకేమైంది? వాళ్ళకి గడ్డలున్నాయా?"

"చూశారా మీరు?"

ఆయన పీటని గోడవైపు జరుపుకున్నాడు.

"ఉన్నాయో లేవో ఒక్కరికైనా చూపించుకోమన్నారా? నాకు సున్నపు బిళ్ళ పోసిన చేత్తోనే, ఆ మర్నాడు శుక్రవారం ఈ సీసా నా చేతికిచ్చి పొట్లాలు కట్టమన్నారు. నేను కట్టాను. రెండు గీతలు పెట్టి మరీ కట్టాను."

"ఒక్కసారిగా ఆపితే ఎందుకాపావంటారు. సెగలంటూ మీదపడతారు. కోతల టైము. ఆ తర్వాత మెల్లిగా..."

"మెల్లిగా," అంది ఆవిడ.

రెండు కాగితాలూ మడిచింది. అలవాటు చొప్పున మూలలు లోపలికి దోపింది. ఒకటి ఎడమచేతిలో, ఒకటి కుడిచేతిలో పట్టుకుని ముందుగదిలోకి నడిచింది. ఎడమచెయ్యి పూర్తిగా లేవదు ఈ మధ్య. అయినా వదలలేదు.

కిటికీ ఊచల అవతల సర్దార్‌బీ చెయ్యి చాపింది. వెంకటరావమ్మ ఆ చేతిలో ఏమీ పెట్టలేదు.

"ఒక్క నిమిషం ఆగు సర్దార్‌బీ. ఆటోవాణ్ణి కూడా ఆగమను. ఇవాళ పొట్లాలు లేవు, ఒక మాట ఉంది."

"ఏం మాటక్కా? మొహమేంటి అట్లా ఉంది?"

"ఆగమన్నాగా."

బల్లమీద ఫోను ముందు కూర్చుంది. నిన్నటి చీటీ తీసి నంబరు చూసుకుంటూ తిప్పింది. మొదటిసారి ఎంగేజ్. రెండోసారి మోగింది. ఏడున్నరకల్లా ఓపీ చీటీలు రాసే నర్సు వచ్చి కూర్చుంటుందని ఆవిడకి తెలుసు.

"నేనమ్మా, వెంకటరావమ్మని. నిన్న జ్యోతిర్మయిగారికి చూపించుకున్నా. నా కాగితంలో ఒక తప్పుంది, దిద్దించాలి. అవునమ్మా, హార్మోను బిళ్ళ సంగతే. ఆఖరిసారి మొన్న రాత్రి అని రాశారు. అది కాదు. ఇప్పుడే చెప్పాలి, ఆవిడ చూడాలి ఇవాళే."

నర్సు కాగితాలు వెతుకుతున్న చప్పుడు వినిపించింది.

"దొరికిందండీ. చెప్పండి, ఆఖరి బిళ్ళ ఏ తారీకున వేసుకున్నారు?"

వెంకటరావమ్మ వెనక్కి తిరిగింది. సంజీవరావు వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు గానీ తడి ఇంకా ఉంది. ఈసారి చూడటానికి ఈ ఇంటి గోడమీద క్యాలెండరు లేదు. కాగితాలకని ఆవిడే చింపేసింది.

"నాకు తెలియదమ్మా," అంది ఫోనులో. "తెలిసినాయన ఇక్కడే ఉన్నారు. ఆయనే చెప్తారు. ఎవరిచ్చారో కూడా ఆయన్నే అడగండి."

రిసీవరు చాపి పట్టుకుంది. అది సరిగ్గా లేవని ఎడమచెయ్యి. మార్చుకోలేదు.

సంజీవరావు కిటికీ వైపు చూశాడు. సర్దార్‌బీ పక్కన ఇంకో రెండు తలలు, వాటి వెనక ఇంకా కొన్ని. ఆటో ఇంజను ఆగిపోయింది. నాగజ్యోతి బల్లకింద పడ్డ తండ్రి చెప్పు తీసి, ఏం చేయాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడింది.

ఆయన వచ్చి రిసీవరు అందుకున్నాడు. ఫోను పెట్టించిన నాటి నుంచి ఆయన చెవికి ఆనించగానే పలికే మాట ఒకటే, "డాక్టర్ సంజీవరావు." ఇంట్లో అందరికీ అది కంఠతా వచ్చు.

"హలో, ఎవరండీ మాట్లాడేది?" అంది నర్సు.

"నేను," అన్నాడు సంజీవరావు. కిటికీకి వీపు తిప్పి, గొంతు తగ్గించాడు. "ఆవిడ భర్తని. ఆ బిళ్ళలు..."

"హలో? వినపడటం లేదండీ. కాస్త గట్టిగా చెప్పండి!"